కాలువల సీమలో కరువు పాట

తానే రాసి తానే పాడే గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ 2002లో ‘కుబుసం’ చిత్రంతో మా కోనసీమకూ చేరింది. మా పెదనాన్నగారికి నచ్చలేదు. “పాలమూరు కరువు పాట మనకెందుకురా? మన కాలువలేమైనా ఎండాయా?” అనేవారు. మా తోటలో కొబ్బరి దింపు తీసే అతను మాత్రం పని ఆపి మరీ వినేవాడు. కారణమడిగితే, “మా ఊరి పేరొక్కటే లేదండి అందులో” అన్నాడు.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక పంట విరామం ప్రకటించారు. కాలువలో నీరుండగానే చేలు బీడుపడ్డాయి. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం పెదనాన్నగారు ఆ పాట పెట్టమన్నారు. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

ఎలా ఉందని అడగడానికి నాకు నోరు రాలేదు.