అశోకా రోడ్డు భోజనాలు

ఢిల్లీ వస్తున్నామని మన వైపు నుంచి ఫోన్ చేసేవారు సాధారణంగా రెండు సంగతులు అడుగుతారు: ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి. బస సంగతి వారి వారి స్తోమతను బట్టి మారుతుంది. తిండి విషయంలో మాత్రం ఇన్నేళ్లుగా నేను చెప్పే మాట ఒక్కటే: అశోకా రోడ్డు పట్టుకోండి. ఇలా అడిగేవారిలో ఎర్రకోట చూడవచ్చే యాత్రికులకంటే వినతిపత్రం పట్టుకుని వచ్చేవారే ఎక్కువ. కాంట్రాక్టు అధ్యాపకులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పసుపు రైతులు, ప్రాజెక్టుల కింద ఊళ్లు పోగొట్టుకున్నవారు. అందుకే ఈ నగరంలో తక్కువ ఖర్చుతో కడుపునిండా తినడమన్నది నాకు ఎప్పుడూ రాజకీయ విషయంగానే తోస్తుంది. రాజధానిలో నాలుగు రోజులు నిలబడగలిగినవారి గోడే కొంతైనా వినిపిస్తుంది. నిలబడాలంటే ముందు తినాలి.

అశోకా రోడ్డుకు ఒక కొసన, ఇండియా గేట్‌కు చేరువలో, ఆంధ్రా భవన్ ఉంది. అక్కడి క్యాంటీన్‌లో ముందు టోకెన్ తీసుకోవాలి; రద్దీ వేళ పిలుపు వచ్చేదాకా ఆగాలి; ఖాళీ అయిన కుర్చీలో, ఎదుట ఎవరున్నా, కూర్చోవాలి. స్టీలు పళ్లెంలో పూరీలు, అన్నం, పప్పు, కూర, సాంబారు, రసం, పెరుగు. బల్ల మీద పచ్చడి, పొడి, నెయ్యి. మారు వడ్డనకు లెక్క లేదు. మధ్యాహ్నం అక్కడ కూర్చుంటే తెలుగుతో సమానంగా హిందీ, పంజాబీ వినిపిస్తాయి. పక్క కార్యాలయాల గుమాస్తాలు, విద్యార్థులు, న్యాయవాదులు పప్పన్నంలో పొడి కలుపుకుని తినడం నేర్చుకున్నది ఇక్కడే. 2014 విభజన తరువాత ఈ భవన్ ఆస్తుల పంపకం గురించి రెండు రాష్ట్రాలు ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. ఆ కాలమంతా రెండు రాష్ట్రాలవారూ ఒకే బల్ల మీద పక్కపక్కనే భోంచేశారు.

ఈ భవన్‌లు ప్రాథమికంగా సామాన్యుల కోసం కట్టినవి కావు. మంత్రులు, ఎంపీలు, అధికారులు ఢిల్లీ వచ్చినప్పుడు దిగడానికి కట్టినవి. అయితే నగరం నడిబొడ్డున ప్రభుత్వ భూమి కనుక అద్దె భారం పళ్లెం మీద పడదు. అదే వీధిలో ప్రైవేటు హోటలు పెట్టేవారు ఆ ధరకు ఆ భోజనం పెట్టలేరు. అన్ని భవన్‌ల తలుపులూ అందరికీ ఒకేలా తెరుచుకోవు కూడా. లోపలి పళ్లెం మీద పెత్తనం ఎవరిదన్న ప్రశ్నా తేలిక కాదు. 2014 జులైలో మహారాష్ట్ర సదన్‌లో భోజనం బాగాలేదని ఆగ్రహించిన శివసేన ఎంపీలు, రంజాన్ ఉపవాసంలో ఉన్న ఒక ముస్లిం ఉద్యోగి నోట్లో చపాతీ కుక్కబోయిన ఘటన పార్లమెంటును కుదిపింది. 2015 అక్టోబరులో కేరళ హౌస్‌లో గోమాంసం వడ్డిస్తున్నారన్న ఫిర్యాదు మీద ఢిల్లీ పోలీసులు లోపలికి వెళ్లారు. అది గేదె మాంసమని రాష్ట్ర ప్రభుత్వం స్పష్టం చేసింది. అప్పటి ముఖ్యమంత్రి ఊమెన్ చాందీ ప్రధానికి లేఖ రాశారు. సమాఖ్య వ్యవస్థ గురించి రాజ్యాంగ గ్రంథాల్లో చదివినదానికంటే ఈ రెండు వంటశాలల కథల్లో నేను నేర్చుకున్నది ఎక్కువ.

అశోకా రోడ్డు రెండో కొసన బంగ్లా సాహిబ్ గురుద్వారా ఉంది. 1664లో ఎనిమిదో గురువు హరికృష్ణ బస చేసిన బంగళా చోటు అది. చెప్పులు విడిచి, తల మీద గుడ్డ కప్పుకుని, వరుసలో నేల మీద కూర్చుంటే చాలు. కులం, మతం, పని ఏమిటని ఎవరూ అడగరు. రొట్టెను రెండు చేతులూ చాచి అందుకోవాలి. దానికి వెల లేదు. తిన్నాక పళ్లేలు కడగడానికో, రొట్టెలు చేయడానికో కాసేపు కూర్చుంటే అదే ఆ భోజనానికి మర్యాద. 2020–21లో సింఘు, టిక్రీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా నిలవడానికి అనేక కారణాలున్నాయి. ఆ పొడవునా పొయ్యి ఆరని లంగర్లను ఆ కారణాల్లో మొదటి వరుసలో చేర్చాలి.

ఈ రెండు కొసల మధ్యనే జంతర్ మంతర్ రోడ్డు కలుస్తుంది. 2017లో తమిళనాడు రైతులు కపాలాలు పట్టుకుని 41 రోజులు కూర్చున్నది అక్కడే. అదే ఏడాది అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడ నిరసనలను నిషేధించింది. 2018 జులైలో సుప్రీంకోర్టు ఆంక్షలతో తిరిగి దారి తెరిచింది. నిరసన హక్కు గురించి ఆనాడు ఎంతో రాశాం. దాని ఖర్చు గురించి రాయలేదు. యాభై మంది బృందం ఐదు రోజులు ఉంటే, రోజుకు రెండు పూటల చొప్పున 500 భోజనాలు. పూటకు 150 రూపాయలు ఎక్కువైతే అదనపు భారం 75,000 రూపాయలు. ఇంటింటికీ తిరిగి చందా పోగుచేసుకుని బయలుదేరిన సంఘానికి ఆ మొత్తం రెండు రోజుల నిరసనతో సమానం.

పార్లమెంటు క్యాంటీన్‌లో ఎంపీలకు చౌకగా దొరికే బిర్యానీ మీద ఏళ్లపాటు జనం కోపగించుకున్నారు. ఆ కోపం న్యాయమైనదే. 2021 జనవరిలో ఆ సబ్సిడీ రద్దయింది. 65 రూపాయల హైదరాబాదీ మటన్ బిర్యానీ 150 అయింది. అయితే చర్చ అక్కడితో ముగిసిపోయింది. జీతభత్యాలున్నవారికి చౌక భోజనం ఎందుకని అడిగిన మనం, ఆ గేటు బయట ఎండలో కూర్చున్నవారికి అది ఎందుకు లేదని అంత గట్టిగా అడగలేదు. చోలే కుల్చే, రాజ్మా చావల్ అమ్మే బళ్లు వారిని ఆదుకుంటాయి. వాటి రక్షణకు 2014లో వీధి వ్యాపారుల చట్టమే వచ్చింది. అయినా 2023 సెప్టెంబరులో జీ-20 అతిథుల కోసం నగరాన్ని ముస్తాబు చేసినప్పుడు ముందు కనుమరుగైనవి ఆ బళ్లే.

మార్గం తెలియక కాదు. చెన్నైలో 2013లో అమ్మ క్యాంటీన్ రూపాయికి ఇడ్లీ పెట్టింది. హైదరాబాదులో 2014లో ఐదు రూపాయల భోజనం మొదలైంది. బెంగళూరులో 2017లో ఇందిరా క్యాంటీన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 2018లో అన్న క్యాంటీన్లు వచ్చాయి. చిక్కంతా ఆ బోర్డుల మీది పేర్లలో ఉంది. అన్న క్యాంటీన్లు 2019లో ప్రభుత్వం మారగానే మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ ప్రభుత్వం మారాక తెరుచుకున్నాయి. ఆ ఐదేళ్లూ ఆ కూలీల ఆకలి ఏ పార్టీ ఖాతాలో పడింది? నీటి కుళాయిలాగా, బస్సులాగా, ప్రజాభోజనశాల కూడా నగర సదుపాయమని చట్టంలో రాసుకునేదాకా అది ఒక నాయకుడి దయగానే మిగులుతుంది.

అందాకా నా సలహా ఇంతే. ఆంధ్రా భవన్‌కు పన్నెండున్నరలోపు చేరండి. ఆదివారమైతే వరుస రోడ్డు దాకా వస్తుంది. రాత్రికి బంగ్లా సాహిబ్‌కు వెళ్లండి, పట్టినంతే పెట్టించుకోండి. మిగిలిన డబ్బుతో మరో రోజు ఉండండి. మంత్రిగారి అపాయింట్‌మెంట్ చాలాసార్లు ఆ మరుసటి రోజుకే దొరుకుతుంది.