నూలూ పట్టూ కలిసే ఊరు

పిల్లలూ! మీ ఆటల చొక్కాను ఎప్పుడైనా తిరగేసి చూశారా?

ఎండాకాలపు సెలవులకు మా మనవడు నాగర్‌కర్నూలు వచ్చాడు. వాడి కొత్త చొక్కా రొమ్ము మీద బడి పేరు పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉన్నది. ఆ అక్షరాల మీదనే మిషనుతో దారపు నక్షత్రం కుట్టారు. నాలుగు ఉతుకులకే నక్షత్రం చుట్టూ గుడ్డ ముడతలు పడింది. అచ్చు పగిలి పొట్టులాగా రాలింది.

"తాతా! అచ్చూ బాగున్నది, కుట్టూ బాగున్నది. రెండూ కలిస్తే ఎందుకు చెడిపోయింది?" అని అడిగాడు వాడు.

"ఆ జవాబు కోసం రెండు ఊళ్ళు తిరగాలి, పద!" అన్నాను.

మర్నాడు బస్సెక్కి వనపర్తిలో దిగాము. ఇది పూర్వం ఒక సంస్థానం. 1959లో ఇక్కడ పాలిటెక్నిక్ వెలసింది. బజారులో చొక్కాలకు అచ్చు వేసే దుకాణానికి వెళ్ళాము. చట్రానికి సన్నని వల వంటి తెర బిగించి ఉన్నది. బొమ్మ ఉన్నచోట మాత్రమే దాని రంధ్రాలు తెరిచి ఉంటాయి. తక్కిన రంధ్రాలు మూసి ఉంటాయి. పైన రంగు పోసి రబ్బరు పలకతో లాగితే, బొమ్మ కింది గుడ్డ మీద పడుతుంది.

దుకాణదారు మా వాడి చొక్కా చూసి నవ్వాడు. "ముందు అచ్చు వెయ్యాలె, ఆరినంక కుట్టాలె. ముందే కుడితే గుడ్డ ఎత్తుపల్లాలయి తెర సరిగా ఆనదు. కుట్టేచోట రంగు పూయకుండ జాగా ఇడవాలె. దట్టమైన రంగు మీద సూది వందల పోట్లు పొడిస్తే పగలదా? అడుగున గట్టి కాగితం పెట్టకుంటే దారం గుడ్డను లోపలికి గుంజుతది" అన్నాడు.

"అయితే జవాబు దొరికింది గదా, తాతా?" అన్నాడు మనవడు.

"సగమే దొరికింది" అన్నాను.

మళ్ళీ బస్సెక్కాము. బీచుపల్లి దగ్గర కృష్ణానది దాటితే నడిగడ్డ. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర. నడుమ ఉన్న గడ్డ కనుక ఆ పేరు. గద్వాలలో సోమనాద్రి కట్టించిన కోటనూ, లోపలి చెన్నకేశవస్వామి గుడినీ చూసి, ఒక నేతగాని ఇంటికి వెళ్ళాము. అతను ఒకప్పుడు నా శిష్యుడు.

నలభై యేళ్ళ కిందట నేను అతని తరగతికి ఉపాధ్యాయుణ్ణి. రోజూ మొదటి గంటలోనే నిద్రపోయేవాడు. ఒకనాడు బెంచీ ఎక్కించి, సోమరివని అందరి ముందూ తిట్టాను. వాడు మాట్లాడలేదు. మర్నాడు తెల్లవారుజామున వాళ్ళ వీధిలో పోతూ, వెలుగుతున్న దీపం చూసి తొంగి చూశాను. మగ్గానికి ఒక పక్క తండ్రి, రెండో పక్క వాడు!

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచులు పట్టు. పడుగులోనే నడుమ నూలు దారాలూ, అంచుల్లో పట్టు దారాలూ ఉంటాయి. పేకకు మూడు నాడెలు కావాలి: రెండంచులకు రెండు, ఒంటికి ఒకటి. ఒంటి పేక అంచు దాకా వచ్చి, అంచు పేకను మెలివేసుకుని వెనక్కు తిరుగుతుంది. ప్రతి వరసలోనూ ఇంతే. దీనినే కుప్పడం నేత అంటారు. అవతలి అంచు నాడె విసరడానికి మరొక చెయ్యి కావాలి. ఆ చెయ్యి మా విద్యార్థిది! ఆనాటి నుంచి సాయంత్రాలు వాడికి మా ఇంట్లో పాఠం చెప్పాను. కాని, క్షమించమని మాత్రం అడగలేదు.

ఇప్పుడతను మా వాణ్ణి మగ్గం దగ్గర కూర్చోబెట్టి, "అంచు పట్టి గుంజు బాబూ!" అన్నాడు. మనవడు భయపడుతూనే లాగాడు. అతుకు కదలలేదు. "పట్టు సాగినంత నూలు సాగదు. రెంటినీ ఒక్కతీరు బిగిస్తే చీర ముడత పడతది. దేని గుణం దానికి తెలిసి బిగువు పట్టాలె" అన్నాడతను.

ఈ ఊరి మగ్గాల మీద నియమంతో నేసిన జోడు పంచెలు ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు వెళతాయి.

"మీ అబ్బాయి కూడా తెల్లవారుజామున నాడె విసురుతాడా?" అని మనవడు అడిగాడు.

"లేదు, బడికి పోతడు. అవతలి చెయ్యి ఇప్పుడు నా భార్యది. కూలికి మనిషి దొరకడు" అన్నాడతను.

అప్పుడు నేను, "నాయనా! ఆనాడు కారణం అడగకుండా నిన్ను తిట్టాను. తప్పు నాది" అన్నాను.

అతను నా చేతులు పట్టుకుని, "అది నేను ఎప్పుడో మరిచిన, సారూ! సాయంత్రం పాఠాలే యాదికున్నయి" అన్నాడు.

తిరుగు బస్సులో మనవడు చొక్కా తిరగేసి, నక్షత్రం వెనుక ఉన్న దారాలను చాలాసేపు చూశాడు. మీరూ ఈసారి మీ అమ్మగారి చీర అంచు తిరగేసి చూడండి. అతుకు ఎక్కడున్నదో కనిపెట్టగలరేమో!