కంట్రోల్ బియ్యం

తురకోళ్ల ఇంట్లో రోజూ బిర్యానీ ఉడుకుతుందని మా ఊళ్లో చాలామంది నమ్మకం. "మీకేం, నవాబులు!" అనేవాళ్లు. అబ్బా సైకిళ్లకు పంచర్లు వేసేవాడు. అమ్మీ బీడీలు చుట్టేది. ఆ నవాబుల దస్తర్‌ఖాన్ మీద ఉండేది కంట్రోల్ బియ్యం దొడ్డన్నం, చింతపండు ఖట్టా. బిర్యానీ పండక్కి, పెళ్లికి. మా గురించి రాసేవాళ్లకు ఆ బిర్యానీయే కనబడింది. దొడ్డన్నం కనబడలేదు.

కంట్రోల్ అనే మాట రెండో ప్రపంచ యుద్ధం నాటిది. సర్కారు ధాన్యం మీద, ధరల మీద పెట్టిన అదుపు అది. 1943లో బెంగాల్ కరువు లక్షల మందిని మింగింది. ఆకలిని బజారుకు వదిలేస్తే ఏమవుతుందో దేశం అప్పుడు చూసింది. యుద్ధం పోయింది, మాట మిగిలింది.

1983లో ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాడు. అంతకుముందు మా ఇంట్లో జొన్న రొట్టె, గటక. తెల్లన్నం అంటే పండగేనని దాదీ చెప్పేది. కార్డు వచ్చాక రోజూ అన్నమే. మెల్లగా జొన్న మా పళ్లెంలోంచి జారిపోయింది. దాదీకి అన్నం దొరికిన సంతోషమూ ఉండేది, రొట్టె పోయిన దిగులూ ఉండేది.

1996లో కిలో మూడున్నర చేశారు. 20 కిలోలు తెస్తే 30 రూపాయలు ఎక్కువ. పేపర్లో అది చిన్న అంకె. అది ఎన్ని బీడీలో అమ్మీకి తెలుసు.

కంట్రోల్ దుకాణం వరసలో అమ్మీకి ముందు మాదిగ పెద్దమ్మ, వెనక చాకలి వదిన. ముగ్గురి చేతిలో అవే సంచులు. ముస్లింలమని మాకు ఒక్క గింజ ఎక్కువ రాలేదు. పేదలమని వచ్చింది. మమ్మల్ని బుజ్జగిస్తున్నారని అనేవాళ్లు ఒక్కసారి ఆ వరసలో నిలబడితే బాగుండేది.

కార్డు మీద మా పేర్లు మావి కావు. ఖ పోయి క అయింది. ఉన్నీసా ఊడిపోయింది. బియ్యం వస్తే చాలు, పేరుదేముంది అన్నాడు అబ్బా. పేరుతోనే ఉందని తర్వాత తెలిసింది. ఆధార్‌లో ఒక పేరు, కార్డులో ఒక పేరు. వేలిముద్రల మిషన్ వచ్చాక ఇంకో కష్టం. బీడీలు చుట్టి చుట్టి అరిగిన అమ్మీ వేళ్లను అది గుర్తుపట్టదు. 2013 ఆహార భద్రతా చట్టం ఇంట్లో పెద్ద ఆడమనిషినే కార్డులో కుటుంబ పెద్దను చేసింది. మిషన్ ముందు ఆ పెద్ద నాలుగు వేళ్లూ మార్చి మార్చి పెడుతుంది.

2008లో మళ్లీ రెండు రూపాయలు, 2011లో రూపాయి, 2023 నుంచి ఉచితం. ధర తగ్గుతూ వచ్చింది. కాగితాల బరువు పెరుగుతూ వచ్చింది.

2019 డిసెంబరులో పౌరసత్వ చట్టం సవరించినప్పుడు మా గల్లీలో అందరూ కాగితాలు వెతుక్కున్నారు. అమ్మీ ట్రంకుపెట్టె అడుగు నుంచి పాత రేషన్ కార్డు తీసింది. అది పౌరసత్వానికి రుజువు కాదమ్మీ అన్నాను.

"మరి ఇన్నేళ్లు ఎవరికి బియ్యం పోశారు?" అని అడిగింది.

ఆ ప్రశ్న నాది కాదు. మీరు చెప్పండి, ఎవరికి పోశారు?