వ్యూస్ వేలల్లో, ఆర్డర్లు వేళ్ల మీద

అంతకు రెండేళ్ల ముందు క్వింటా ఇరవై వేలు దాటి పలికిన తేజ మిర్చి, 2025 ఫిబ్రవరికి గుంటూరు యార్డులో సగానికి దగ్గరగా పడిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. కౌలు, మందులు, కోత కూలి కలిపితే ఆ ధరకు మా పెట్టుబడి కూడా రాదు. 2021-22లో నల్ల తామరపురుగు పూతను తినేసినప్పటి అప్పే ఇంకా తీరలేదు.

మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. చాలామంది కాయను కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం చూశారు. మేం కూడా కొంత అక్కడ పెట్టి, మిగతాది కారం పట్టించి ఆన్‌లైన్‌లో అమ్మాలనుకున్నాం. ఇంట్లో డిగ్రీ చదివింది నేనే కనుక ఆ పని నాకు అప్పజెప్పారు. ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు, జీఎస్టీ, ప్యాకెట్లు, ఫొటోలు అన్నీ సమకూర్చాను. అత్తయ్య, ఇరుగుపొరుగు ఆడవాళ్లు వసారాలో కూర్చుని తొడిమలు తీసి, తాలుకాయ ఏరారు. ఎండ బాగా తగిలిన కాయ, రంగూ ఘాటూ ఉన్న కారం. సరుకులో లోపం లేదు.

అమ్మకాల యాప్‌లో సరుకు పెట్టి, యాడ్ ఇవ్వగానే వ్యూస్ పెరగడం మొదలైంది. వందలు వేలయ్యాయి. ఆ సంస్థ మనిషి ఫోన్ చేసి, 'వేలమంది చూస్తున్నారు మేడమ్, సరుకు రెడీగా పెట్టుకోండి, యాడ్ బడ్జెట్ కొంచెం పెంచండి' అన్నాడు. ఆ యాడ్‌కు క్లిక్కు చొప్పున డబ్బు కోస్తారు. ఆర్డరు వచ్చినా రాకపోయినా కోత ఆగదు. మావయ్య రోజూ పొలం నుంచి వచ్చి, 'చూసేవాళ్లు చూస్తున్నారు సరే అమ్మాయ్, కొనేవాళ్లేరి?' అని అడిగేవారు. ఆర్డర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. కొన్ని వారాలు యాడ్ ఖర్చు పోను మా ఖాతాలో పడింది ఏమీ లేదు.

వేసవి ముదిరింది. కాయగా ఉంటే చల్లటి గదిలో నెలల తరబడి నిలవ ఉంటుంది. కారం అలా కాదు. వేడికీ వెలుతురుకూ రంగు తగ్గిపోతుంది. ప్యాకెట్లు గదిలో పేర్చి ఉన్నాయి, బ్యాంకు వడ్డీ పెరుగుతోంది. అత్తయ్య గొలుసు తాకట్టులోకి వెళ్లింది. ఆ రోజు ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

మా మరిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మాకంటూ ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టిచ్చాడు. సొంత సైటులో యాప్‌లో కనబడనిది ఒకటి కనబడుతుంది: ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఏ పేజీకి వచ్చారో రాసిపెట్టే సర్వర్ చిట్టా. అది తెరిచి చూపించి, 'వదినా, వీటిలో మనుషులు కొద్దిమందే' అన్నాడు. ఎక్కువ రాకలు అర్ధరాత్రి దాటాక, విదేశీ డేటా సెంటర్ల నుంచి, ఒకే పేజీకి మళ్లీ మళ్లీ. ఒక్కటీ పిన్‌కోడ్ కొట్టి డెలివరీ ఉందా అని చూడలేదు, కార్ట్ ముట్టుకోలేదు. యాప్‌లో వ్యూస్ కూడా ఇలాంటివేనేమో అనిపించింది.

వాటినే బాట్లంటారు. అన్నీ చెడ్డవి కావు. సెర్చ్ ఇంజిన్ల బాట్లు పేజీని చదివి వెదికేవాళ్లకు చూపిస్తాయి, అవి రాకపోతే మనం ఎవరికీ దొరకం. కొన్ని పోటీదారుల కోసం ధరలు ఏరుకుపోతాయి. కొన్ని ఏఐ కంపెనీల కోసం రాతలు, ఫొటోలు పోగేస్తాయి. కొన్ని మామూలు బ్రౌజర్ వేషం వేసుకుని యాడ్ల మీద దొంగ క్లిక్కులు కొడతాయి. మాలాంటి వాళ్లకు గండం వీటితోనే. ఇది మా ఒక్కరి గోడు కాదు. ఇంపర్వా అనే సైబర్ భద్రతా సంస్థ 2025 నివేదిక ప్రకారం, అంతకు ముందు ఏడాది ఇంటర్నెట్ రాకపోకల్లో 51 శాతం యంత్రాలవే.

మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీ బస్తాలో చెయ్యి పెట్టి కాయ తీస్తాడు, విరిచి చూస్తాడు, రంగు చూస్తాడు, తరవాత ధర చెబుతాడు. పక్కనుంచి నడిచిపోయినవాణ్ణి ఏ రైతూ బేరగాడని లెక్క రాసుకోడు. ఫోన్ తెర మీద మాత్రం ఆ ఇద్దరూ ఒకే అంకెలో కలిసిపోయారు. ఆ అంకెనే గిరాకీ అని మాకు చెప్పారు.

మా యాడ్ క్లిక్కుల్లో యంత్రాలవెన్ని, మనుషులవెన్ని అని అమ్మకాల యాప్ సంస్థను రాతపూర్వకంగా అడిగాను. చెల్లని క్లిక్కులను తమ వ్యవస్థే తీసేస్తుందని జవాబు వచ్చింది. ఎన్ని తీసేశారో, ఎంత వెనక్కి జమ చేశారో చెప్పలేదు. మిగిలిన కారాన్ని ఆవకాయ రోజుల్లో పచ్చళ్ల తయారీదారులకు తక్కువ ధరకు ఇచ్చేశాం. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది.

ఇప్పుడు కూడా అమ్ముతున్నాం. యాడ్ ఆపేశాం. వ్యూస్ ఎన్నని ఎవరూ అడగరు. పిన్‌కోడ్ కొట్టినవాళ్లెందరు, కార్ట్‌లో వేసుకున్నవాళ్లెందరు, ఒకసారి కొని మళ్లీ అడిగినవాళ్లెందరు అనే చూస్తాం. ఆర్డరు వచ్చాకే కాయ బయటికి తీసి, ఆ మేరకే పట్టిస్తాం.

ఆన్‌లైన్‌కు వస్తున్న రైతు కుటుంబాలకు నా మాట ఒక్కటే. ఊరికే పెరిగే వ్యూస్ వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆ అంకె చూసి సరుకు తయారు చేసినా, క్లిక్కుకు డబ్బు కట్టినా మాత్రం ఇల్లు గుల్లవుతుంది. అమ్మకాల సంస్థలు క్లిక్కు క్లిక్కుకూ డబ్బు తీసుకుంటున్నప్పుడు, ఏది మనిషిది, ఏది యంత్రానిదో ప్రతి బిల్లులో విడదీసి చూపించాలి. యార్డులో కాటా వేస్తే చీటీ ఇస్తారు. ఆ పాటి చీటీ మాకూ ఇవ్వాలి. ప్రభుత్వం దాన్ని చట్టంగా తేవాలి.