పార్మా సీమలో పాల పరీక్ష

ఉత్తర ఇటలీలో పో నదికి దక్షిణాన పార్మా, రెజ్జో ఎమీలియా, మోదెనా పట్టణాల చుట్టూ పచ్చిక మైదానాలు విస్తరించి ఉన్నాయి. పార్మిజానో రెజ్జానో అనే చీజ్‌కు ఈ సీమ పుట్టినిల్లు. ముందునాటి సాయంకాలపు పాలు రాత్రంతా వెడల్పాటి తొట్లలో నిలిచి మీగడ కడతాయి. వేకువన ఆ మీగడ తీసి, ఉదయపు పాలు కలిపి, తలక్రిందులుగా నిలిపిన గంటలవంటి రాగి బానలలో పోస్తారు. ఒక్కొక్క దిమ్మకు సుమారు 550 లీటర్ల పాలు కావాలి. దాదాపు 40 కిలోలు తూగే ఆ దిమ్మ కనీసం 12 నెలలు చెక్కబల్లలమీద పక్వం కావాలి.

ఇంతటి శ్రమనూ వమ్ము చేయగల శత్రువు కంటికి కనబడదు. క్లాస్ట్రీడియం టైరోబ్యుటిరికమ్ అనే బాక్టీరియా ప్రతికూల స్థితిలో దళసరి కవచంగల సిద్ధబీజంగా మారుతుంది. అది పాశ్చరీకరణ వేడిని సైతం తట్టుకొంటుంది. ఇక్కడ వాడేవి పచ్చిపాలే. నెలల తరువాత ఆ బీజం దిమ్మ గర్భంలో మేల్కొని, వాయువును పుట్టించి, దానిని ఉబ్బించి చీలుస్తుంది.

సరిగా పులియని పాతరగడ్డిలో ఈ బీజాలు పెరుగుతాయి. ఆవు కడుపులో చావక పేడలో వెలువడి, పొదుగుకంటి పాలలో చేరుతాయి. అందుచేత ఈ సీమలో పాడి ఆవులకు పాతరగడ్డి నిషిద్ధం. పొరుగున గ్రానా పడానో చీజ్ చేసేవారు ఆ మేతను అనుమతించి, కోడిగ్రుడ్డు తెల్లసొననుంచి తీసిన లైసోజైమ్‌ను పాలలో కలుపుతారు. పార్మిజానోలో ఆ వెసులుబాటు లేదు.

వేడికి లొంగనిదానిని వేడితోనే పట్టుకోవడం పరీక్షలోని విశేషం. పరీక్షనాళికలలో పాలూ పోషకద్రవ్యాలూ పోసి, పైన పారఫిన్ మైనంతో మూసి, సుమారు 80 డిగ్రీలకు వేడిచేస్తారు. మామూలు క్రిములు చస్తాయి, బీజాలు మిగులుతాయి. 37 డిగ్రీల వెచ్చదనంలో వారంరోజులు ఉంచితే అవి మొలకెత్తుతాయి. వెలువడిన వాయువు మైనపు మూతను పైకి నెడుతుంది. ఎన్ని నాళికలలో మూత లేచిందో లెక్కించి బీజాల సంఖ్యను అంచనా కడతారు.

అయితే ఫలితం తెలిసేసరికి ఆ పాలు దిమ్మలైపోయి ఉంటాయి. పరీక్ష ఆ దిమ్మలను కాపాడలేదు. ఏ పశువులశాలలో మేత, శుభ్రత లోపించాయో చూపి రేపటి దిమ్మలను కాపాడుతుంది. ఏడాది నిండాక నిపుణుడు చిన్న సుత్తితో ఒక్కొక్క దిమ్మనూ తట్టి చెవి ఒగ్గి వింటాడు. లోపల చీలికలుంటే నాదం మారుతుంది; నాణ్యత లేదని తేలిన దిమ్మ పైచెక్కుమీది పేరును చెక్కివేస్తారు. ఏడాదినాడు గడ్డివామి దగ్గర చూపిన అశ్రద్ధకు తీర్పు ఆనాడు వెలువడుతుంది.