పంజాగుట్ట దాటి



దసరా సెలవులలో సండేస్కూలు పిల్లలను ఒక్కరోజు హైదరాబాదు తీసుకుపోవాలని మన యవ్వనస్థులు అనుకున్న సంగతి మీకు తెలుసు. ఏమేమి చూపించాలో రాసిమ్మని మా ఇంటికి వచ్చి కాగితం ఇచ్చిపోయారు. సిటీ సంగతి అయ్యగారికి, అమ్మగారికి బాగా తెలుసని వాళ్ల నమ్మకం. ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే మా ఇద్దరికీ సిగ్గనిపించింది. పదిహేడేండ్లుగా రోగులను వెంటబెట్టుకుని అమీర్‌పేట, పంజాగుట్ట తిరుగుతున్నాము. నిమ్స్‌లో ఓపీ చీటీకి ఎన్ని గంటలకు వరుసలో నిలబడాలో తెలుసు. అమీర్‌పేటలో ఆ కంప్యూటర్ కోర్సుల బోర్డుల నడుమ ఏ సందులో తక్కువకు భోజనం దొరుకుతుందో తెలుసు. మన పిల్లలుండే హాస్టల్ డాబా మీద చాప పరుచుకుని ఎన్ని రాత్రులు పడుకున్నామో లెక్క లేదు. చార్మినార్ మాత్రం మీలాగే మేమూ క్యాలెండర్ మీద చూసినవాళ్లమే.

చూసే అవకాశం రాక కాదు. ఒకసారి వచ్చింది, మేమే వద్దన్నాము.

మన మందిరము గోడలు కట్టిన మేస్త్రీ గారు మీకు జ్ఞాపకమే. 2016లో ఆయనను పంజాగుట్ట తీసుకొచ్చాము. అప్పటికి అమీర్‌పేటలో మెట్రో రైలు లేదు, రోడ్డు మధ్యలో స్తంభాలు లేస్తున్నాయి. పొద్దున పరీక్షలైపోయాయి, రిపోర్టులు సాయంత్రమిస్తామన్నారు. ఆయన చెట్టు కింద కూర్చుని, "అయ్యగారూ, గా చార్మినార్ ఒక్కపారి సూసొద్దమా? డంగు సున్నం పనంట గదా, ఎట్ల జేసిన్రో సూడాలె" అన్నారు. మేము ఒప్పుకోలేదు. ఇది వైద్యం కోసమని సంఘము ఇచ్చిన కానుక, తిరగడానికి ఖర్చు పెడితే ఎవరికేమని లెక్క చెప్పాలి అన్నాము. వచ్చే తడవ చూద్దాంలే అని కూడా అన్నాము. వచ్చే తడవ ఆయన స్ట్రెచర్ మీద వచ్చారు. ఆ నెలలోనే ప్రభువునందు నిద్రించారు.

ఆటోకు, టికెట్లకు ఎంతయ్యేదో తరువాత మేము చాలాసార్లు లెక్కేసుకున్నాము. ఆనాటి ఒక్క ఇంజెక్షన్ ఖరీదు కాదు.

మొన్న ఆయన భార్యను షుగరు, మోకాళ్ల నొప్పులకని అదే పంజాగుట్టకు తీసుకుపోయాము. మళ్లీ అదే మాట, రిపోర్టు నాలుగు గంటలకు. మా ఇద్దరిలో ఎవరు ముందు లేచామో గుర్తు లేదు. ఆమెను మెట్రో ఎక్కించి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగాము, ఇరవై నిమిషాలు పట్టింది. అక్కడ ఆటో మాట్లాడుకుని మూసీ దాటి చార్మినార్ చేరాము.

1591లో కుతుబ్‌షా సుల్తాను కట్టించిన కట్టడమిది. పైదాకా నూట నలభై తొమ్మిది మెట్లు. ఆమె మోకాళ్లకు ఆ మాట తలపెట్టలేదు. కమాను కింద నిలబడి ఆమె చాలాసేపు పైకే చూసింది. గాజుల దుకాణాల వైపు తల తిప్పలేదు. భర్త గోడ కడుతుంటే ముప్పై ఏండ్లు తట్ట మోసిన మనిషి ఆమె. చివరికి అన్నది: "గింత ఎత్తుకు సున్నం ఎవరు మోసిన్రో, అమ్మగారూ."

మెదక్ చర్చికి ఎన్ని బస్సులు కట్టుకుని పోలేదు మనము! పోస్నెట్ దొరగారు కట్టించారని, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారని, గోపురం నూట డెబ్భై ఐదు అడుగులని పిల్లలకు చెప్తాము. కరువులో తిండి కోసం వచ్చి రాళ్లు మోసినవాళ్ల గురించి ఒక్క మాటతో దాటేస్తాము. ఆ దాటేసేది మేమే.

తిరుగుదారిలో సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గర ఆటో ఆపించాము. గంట కొట్టే గడియారం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు, మేము ఆగలేదు. మాకు చూడాలని ఉన్నది రిబ్కా. బెంజోనీ అనే ఇటలీ శిల్పి పాలరాతిలో చెక్కిన విగ్రహమది. మొదటి సాలార్‌జంగ్ 1876లో అక్కడి నుండి తెచ్చుకున్నారు. ముఖము మీద ముసుగు కూడా రాయే, కానీ తడిసిన పల్చటి గుడ్డలాగా లోపలి ముఖము కనిపిస్తుంది. ఇస్సాకును దూరం నుండి చూసి ఒంటె దిగి ముసుగు వేసుకున్న ఘడియ అది. ఆదికాండము 24వ అధ్యాయము మీద మేము ఎన్ని పెండ్లిళ్లలో వాక్యము చెప్పామో మీకు తెలుసు. ప్రతిసారీ ఆ ముసుగు దగ్గరే ఆగి, అణకువ గురించి చెప్పాము.

ఈమె రిబ్కా అని చెప్తే ఆమెకు నమ్మకం కుదరలేదు. దగ్గరికి వంగి చేతులు చూసింది. "ఒంటెలకు నీళ్లు తోడిన పిల్ల గదా అయ్యగారూ? గివి చేదిన చేతుల లెక్క లేవు" అన్నది.

పది ఒంటెలవి. వాటికి దాహము తీరేదాకా ఆ పిల్ల బావికి, తొట్టికి మధ్య పరుగెత్తింది. ఆ మాట అధ్యాయములో ముసుగు కంటే ఎంతో ముందే ఉన్నది. సెమినరీలో చదివాము, సంఘములో ఇన్నేండ్లు చెప్పాము, ఆ చేతుల సంగతి మాకు తోచలేదు. మేము జవాబు చెప్పలేక, టైమవుతుందమ్మా అని బయటికి నడిపించాము.

నాలుగున్నరకు పంజాగుట్టకు వచ్చి పడ్డాము. షుగరు కొంచెం తగ్గింది, మోకాళ్లకు మాత్రలు మార్చారు. ఎల్‌బీనగర్ దాకా రైలులో వస్తూ ఆమెతో పిల్లల ప్రయాణం సంగతి చెప్పాము. ఏ రోజు పెట్టుకున్నా శుక్రవారం వద్దు, ఆ రోజు మ్యూజియం మూసేస్తారు. ఈ మాట యవ్వనస్థులు రాసుకోండి.

ఆమె కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెట్టింది. "పిల్లల బస్సుల నాకొక సీటు పెట్టున్రి అయ్యగారూ. కానుక పైసలు గాదు, నేనే ఇస్త."