గురి కుదరని తుపాకి

"ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట" అను సామెతను మనము ఇతరులను ఎత్తిపొడుచుటకే వాడుదుము. తన లోపమును పనిముట్టుపైకి నెట్టువారిని వెక్కిరించుటకు అంతకంటె చక్కని మాట లేదు. కాని నిజముగానే మద్దెల ఓటిదై యుండునేమో యని తట్టి చూచినవారెందరు? ఆట రాకపోవుటయు, మద్దెల పగిలి యుండుటయు ఒకే యింట ఒకేసారి జరుగరాదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో నేను ఈ యేడు మూడు మాసములు గడపితిని. నా చేతనున్నది మద్దెల కాదు, చెకుముకి తుపాకి.

నేను అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున చాల యేండ్లుగా కాపురముండువాడను. వేట యనగనే మన చదువరులకు ఒడలు జలదరించును, అది న్యాయమే. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప వేట నేరమైనది. ఇచ్చటి సంగతి వేరు. తోడేళ్లను, కొండపులులను ఈ రాష్ట్రమువారు 19వ శతాబ్దములోనే రూపుమాపిరి. తినువారు లేక తెల్లతోక జింకలు పెరిగిపోయి, మొలకెత్తిన ప్రతి మొక్కను కొరికివేయుటచే అనేక తావుల అడవి తిరిగి పెరుగలేకున్నది. కావున ప్రభుత్వము ఏటేట లెక్క కట్టి, అనుమతిపత్రములిచ్చి వేట సాగనిచ్చును. అందులో క్రిస్మసు మరునాడు మొదలగు వేటకాలమొకటి కలదు. 1974లో ఏర్పడిన ఆ వేటకాలము చెకుముకి తుపాకికై ప్రత్యేకించినది. 18వ శతాబ్దమున ఈ రాష్ట్రములోని లాంకాస్టరు ప్రాంతపు జర్మను పనివారు చేసిన పొడవాటి తుపాకుల తీరునే నేటికిని అట్టివి తయారగుచున్నవి. నాదియు అట్టిదే.

గడచిన వేటకాలమున ఒక సాయంకాలము మంచులో నిలిచి, సుమారు 80 గజముల దూరమున నున్న ఒక ఆడుజింకపై కాల్చితిని. పొగ విడిపోవునప్పటికి జింక లేదు. అది నిలిచిన చోట మంచుపై నాలుగు నెత్తుటి చుక్కలు కనబడినవి. చీకటి పడువరకు ఆ జాడ వెంట నడచితిని. ఒక వాగు దగ్గర జాడ తెగిపోయినది. మరునాడు ఉదయమున పోయి మధ్యాహ్నము దాక వెదకితిని. దొరకలేదు.

ఇంటికి వచ్చి జరిగినది చెప్పితిని. నా భార్య మాంసము ముట్టదు. అయినను నా వేటను ఏనాడును ఆక్షేపించినది కాదు. ఆనాడు మాత్రము మూడు ప్రశ్నలు వేసినది.

"ఆ జింక ఏమైనది?"

"తెలియదు."

"తప్పు తుపాకిదా, మీదా?"

"అదియు తెలియదు."

"తెలియకుండనే మరల ఎట్లు పోదురు?"

దానికి నాకు జవాబు తోచలేదు. దశరథుడు చప్పుడు విని బాణము వేసి మునిబాలుని చంపిన కథ చిన్ననాటినుండి విన్నవాడనే. ఆ రాజు చేసిన తప్పు విద్య లేక చేసినది కాదు. కనబడనిదానిని తెలిసినట్లు నమ్మి చేసినది. నేను చేసినది అంతకంటె మేలైన పని యని చెప్పుకొనుటకు వీలు కనబడలేదు.

సెప్టెంబరు నెలలో తుపాకి దించి, గురిపలక నాటి, 50 గజముల దూరమునుండి అయిదు గుండ్లు కాల్చి చూచితిని. ఆ అయిదును విస్తరాకంత మేర చెదరి పడినవి. జింక గుండెయు ఊపిరితిత్తులును ఉన్న చోటు సుమారు 8 అంగుళముల వెడల్పు మాత్రమే. అనగా 50 గజములకే నమ్మరాని తుపాకితో నేను 80 గజములకు కాల్చితిని.

ఈ తుపాకి పనిచేయు తీరు కొంత తెలిసిననే గాని నా చిక్కు బోధపడదు. దీనికి తయారైన తూటా లేదు. గొట్టపు మూతినుండి కొలత ప్రకారము మందు పోయవలెను. నూనె పట్టించిన గుడ్డపేలికలో సీసపు గుండును చుట్టి, దట్టించు కడ్డీతో మందుపై ఆనువరకు దింపవలెను. గొట్టపు లోవెడల్పు అర అంగుళము, గుండు 0.490 అంగుళము, గుడ్డ మందము 0.015 అంగుళము. గొట్టము లోపల మెలికలు తిరిగిన చాళ్లుండును. గుండు ఆ చాళ్లను తాకదు. గుడ్డయే వానిని పట్టుకొని గుండును త్రిప్పును. ఆ తిరుగుడే దానిని తిన్నగా నడిపించును. ఇక మీట నొక్కగా గుర్రము ముందుకు వాలి, దాని నోటనున్న చెకుముకిరాయి ఉక్కురేకును గీసి రవ్వలు రాల్చును. రవ్వలు గిన్నెలోని రంజకమున పడి భగ్గుమనును. ఆ మంట చిన్న రంధ్రముగుండ లోనికి పోయి మందును అంటించును. ఇన్నింటిలో ఏ యొక్కటి కొంచెము మారినను గుండు వేరొక చోట పడును.

నేను మొదట చేసినది మూఢుని పని. ఒకే దినమున మందు కొలత పెంచితిని, కొత్త చెకుముకిరాయి బిగించితిని, గుడ్డకు పూయు నూనె మార్చితిని, గురిబుడిపెను కొంచెము జరిపితిని. ఆ సాయంకాలము అయిదు గుండ్లును చక్కగా ఒక చోట పడినవి. పొంగిపోతిని. మరునాడు అదే విధముగా కాల్చగా మరల విస్తరాకే! నిన్న బాగుపడినది దేనివలన? నేడు చెడినది దేనివలన? చెప్పగలవాడు లేడు.

మా పొరుగున ఒక వృద్ధుడు కలడు. వడ్రంగము చేసి విశ్రాంతి తీసికొనుచున్నవాడు. 40 ఏండ్లుగా ఈ తుపాకి పట్టినవాడు. ఈ దేశాచారము చొప్పున మేము ఒకరినొకరము పేరు పెట్టియే పిలుచుకొందుము గాని, నా మనస్సులో ఆయన పెద్దాయనయే. నా గోడు విని ఆయన ఒక పలుచని నోటుపుస్తకమును నా చేతిలో పెట్టెను. "ఒక దినమున ఒక్కటి మార్చుము. మార్చినది వ్రాయుము. తక్కినవి కదల్చకుము" అని మాత్రము చెప్పెను. ఒక దెబ్బకు రెండు పిట్టలు కొట్టుట మనకు నేర్పు. కాని కారణము వెదకువానికి అది చేటు. రెండు పిట్టలు పడినచో రాయి దేనికి తగిలెనో తెలియదు.

మొదటి వారము తుపాకి కట్టు చూచితిని. గొట్టమును కొయ్యకు పట్టియుంచు చీలలు, మరలు, గురిబుడిపె అన్నియు బిగువుగానే యున్నవి. ఇసుకసంచిపై ఏ చోటు ఆనించి కాల్చుదునో అక్కడ కొయ్యపై సుద్దతో గీటు పెట్టితిని. మందును ప్రతిసారి ఒకే కొలగిన్నెతో 70 గ్రెయిన్లు, అనగా సుమారు నాలుగున్నర గ్రాములు పోసితిని. గుండ్ల చెదరుపాటు తగ్గలేదు.

రెండవ వారము పెద్దాయన నన్ను గురిపలక వద్దకు గాక, తుపాకి ముందరనున్న గడ్డిలోనికి పంపెను. కాల్చిన ప్రతిసారి గుడ్డపేలిక కొన్ని గజముల దూరమున రాలిపోవును. దానిని ఎవరు చూతురు? ఏరి తెచ్చి బల్లపై పరచితిని. కొన్ని చక్కగా మసిగుర్తులతో నిండుగా నున్నవి. మరికొన్ని నడుమ కాలి చిల్లులు పడి, అంచులు కరిగి ముద్దలైనవి. పొదుపుకొరకు నేను రెండు పాత చొక్కాలను కత్తిరించి వాడుచుంటిని. ఒకటి నూలుది. రెండవది నూలువలె కనబడుచున్నను పాలియెస్టరు కలిసినది! మంటకు నూలు కొంత ఓర్చుకొనును, పాలియెస్టరు కరుగును. కరిగిన పేలిక గుండును పట్టదు, మంటను ఆపదు. డబ్బాలో రెండు రకముల పేలికలు కలిసిపోయినందున ఒక గుండు తిన్నగాను, ఒకటి వంకరగాను పోవుచుండెను. దిండ్లకు కుట్టు దళసరి చారల నూలుబట్ట తెచ్చి, తేనెమైనమును ఆలివునూనెను కలిపి పట్టించితిని. విస్తరాకు కంచమైనది.

మూడవ వారము మసి సంగతి. తుపాకి మందు సురేకారము, బొగ్గు, గంధకముల కలయిక. నూటికి 75, 15, 10 పాళ్లు దాని పాతకాలపు లెక్క. అది కాలిన పిమ్మట దాని బరువులో సగమునకు పైగా ఘనపదార్థముగనే మిగులును. అందులో కొంత పొగతో పోవును. తక్కినది గొట్టమున పట్టి, గాలిలోని తేమను పీల్చును. మొదటి గుండు సుళువుగా దిగును. నాలుగవదానికి కడ్డీపై బరువు మోపవలసి వచ్చును. నోటుపుస్తకము చూడగా, ప్రతి వరుసలోను నాలుగవది, అయిదవది దూరముగా పోవుచున్నట్లు తేలినది. అది మొదలు ప్రతి గుండు తరువాతను తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి గొట్టము తుడిచితిని. గుండు మందుపై ఆనినపుడు కడ్డీ ఎంత బయట నుండునో అక్కడ గీటు పెట్టి, ప్రతిసారి ఆ గీటు వరకే దింపితిని. కంచము ఇంకను చిన్నదైనది. కాని అప్పుడప్పుడు ఒక గుండు కారణము లేకయే క్రిందికి పడుచునే యుండెను.

నాలుగవ వారము మద్దెలను విడిచి ఆటను చూడవలసి వచ్చినది. ఒకనాడు నేను గురిపలక చూచి వచ్చునప్పటికి, "ఈసారి నేనే సిద్ధము చేసి యుంచితిని, కాల్చుము" అని పెద్దాయన తుపాకి అందించెను. గురి చూచి మీట నొక్కితిని. టక్కుమనెను, పేలలేదు. లోపల మందు లేదు, గుండు లేదు, గిన్నెలో రంజకమును లేదు. కాని గొట్టపు మూతి జానెడు క్రిందికి వంగినది. నా కన్నులు గట్టిగా మూసుకొని యున్నవి. పేలని తుపాకికే నేను అదిరితిని! ముఖము ముందర భగ్గుమను రంజకపు మంటకు నా శరీరము ముందుగనే భయపడుచుండెను. ఆయన నవ్వలేదు. నాకు నవ్వు రాలేదు. అది మొదలు నెలదినములు ప్రతి రాత్రియు మా యింటి నేలమాళిగలో, చెకుముకిరాయికి బదులు కొయ్యముక్క బిగించి, వట్టి తుపాకితో మీట నొక్కుట అభ్యసించితిని. గొట్టపు కొనపై ఒక నాణెము నిలిపి, అది పడకుండ నొక్కగలుగువరకు విడువలేదు.

నవంబరు నెలలో 50 గజములకు అయిదు గుండ్లు సాసరంత చోట పడినవి. పని ముగిసినదనుకొని పెద్దాయనకు చూపితిని. ఆయన కాగితము చూచి, "అడవిలో నీకు అయిదు గుండ్లు కాల్చు అవకాశమెవరిచ్చెదరు?" అని అడిగెను. నిజమే. జింకకు తగులునది మొదటి గుండు ఒక్కటే. మొదటి గుండు శుభ్రపరచి నూనె పూసి దాచిన గొట్టమునుండి పోవును. తక్కినవి మసి పట్టి తుడిచిన గొట్టమునుండి పోవును. రెండును ఒకటి కావు. కావున పది ఉదయములు, దినమునకు ఒక్క గుండు మాత్రము, అదే కాగితముపై కాల్చితిని. మొదటి మూడు దినముల గుండ్లు సాసరు దాటి మీదికి పోయినవి. నాలుగవ దినమునుండి, మందు పోయుటకు ముందు గొట్టములోని నూనెను స్పిరిటుతో తుడిచి ఆరబెట్టితిని. తక్కిన ఏడును సాసరులోనే పడినవి.

అప్పుడు నాకు గడచిన యేటి సాయంకాలము జ్ఞాపకము వచ్చినది. ఆనాడు గొట్టమున నూనె తుడువలేదు. పేలిక ఏ చొక్కాదో తెలియదు. ఆనిక లేక నిలిచి కాల్చితిని. కన్ను మూసియు నుందును. దూరము 80 గజములు. మద్దెలయు ఓటిదే, ఆటయు రానిదే. ఇన్ని తప్పులలో ఏది ఆ జింకకు తగిలెనో ఎన్నటికిని తెలియదు.

చదువరులు మన్నింతురేని ఒక మాట. ఇది తుపాకికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు. మన యిండ్లలో పిల్లవానికి జ్వరము వచ్చినచో ఏమి చేయుదుము? వైద్యుని మాత్ర వేయుదుము. అవ్వ కాచిన కషాయము పోయుదుము. చేతికి తాయెత్తు కట్టుదుము. ఊరి దేవతకు మ్రొక్కుదుము. మూడవనాడు జ్వరము తగ్గును. కీర్తి తాయెత్తుకు పోవును. తగ్గకున్న నింద వైద్యునికి పోవును. పిల్లవాడు పరీక్ష తప్పినచో పాఠశాల మార్చి, గది మార్చి, పేరులో అక్షరము కూడ మార్చి, ఫలమునకై ఎదురుచూతుము. నా మొదటి దినపు తుపాకికిని దీనికిని భేదమేమి? మరికొందరు ఏమియు మార్చక, గ్రహములపై నెట్టి ఊరకుందురు. అన్నియు ఒకసారి మార్చువాడును, ఏదియు మార్చనివాడును ఒకే గూటి పక్షులు. ఇరువురికిని కారణము తెలిసికొను ఓపిక లేదు. తెలిసినచో తమ తప్పు బయటపడునేమో యను భయము మాత్రము కలదు. నాకును ఆ భయమే యుండెను. తుపాకి అమ్మినవానిని నిందించుటకు ఉత్తరము సగము వ్రాసి యుంచితిని. దానిని చించివేసితిని.

రేపు క్రిస్మసు, ఎల్లుండి వేట మొదలగును. తుపాకి తుడిచి గోడకు తగిలించితిని. నూలుపేలికలు ఒకే బట్టవి, ఒకే డబ్బాలో నున్నవి. నోటుపుస్తకము చివరి పుటలో ఒక్క నియమము వ్రాసికొంటిని: "50 గజములు. ఆనిక లేనిదే కాల్చరాదు. జింక 60 గజములలో నిలిచినచో తుపాకి దించవలెను." నా భార్య అది చదివి, పుస్తకమును మూసి బల్లపై పెట్టినది. ఆమె వేసిన మూడు ప్రశ్నలలో రెంటికి ఇప్పుడు నాయొద్ద జవాబు కలదు. మొదటిదానికి లేదు.